లోపలివాడు తలుపు ముట్టుకోకూడదు

లిఫ్టు ఆగింది. ఆగిన తీరు చూడగానే అది ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో, ఎవరి పుణ్యమా అని ఆగిందో మూడూ అతనికి తెలిసిపోయాయి. కరెంటు పోతే ఇలా ఆగదు. కరెంటు పోతే దీపం ఆరిపోతుంది, ఫ్యాను నీరసంగా రెండు చుట్లు తిరిగి ఊరుకుంటుంది. ఇప్పుడు దీపం వెలుగుతోంది, ఫ్యాను తన పని తాను చేసుకుంటోంది, మోటారు ఒక్కటే ఠక్కుమని నోరు మూసుకుంది. అంటే తలుపు. పదిహేడేళ్ళుగా లిఫ్టులు బాగుచేసి బతుకుతున్నవాడికి ఆ మాత్రం చెవితోనే తెలిసిపోతుంది. తలుపు మీది ఎర్ర అంకె అయిదు చూపించి, ఆరు చూపించి, మళ్ళీ అయిదుకి వచ్చి అక్కడే వణుకుతోంది. అయిదుకీ ఆరుకీ మధ్య ఉన్నాడు. నొక్కింది ఏడు. గడియారం పదకొండుంపావు. ఒంటిగంటకి భార్య బస్సు దిగుతుంది. ఎనిమిది నెలల తర్వాత దిగుతుంది.

ఆరో అంతస్తు తలుపే అయుంటుంది, ఇంకేదీ కాదు. ప్రతి అంతస్తు తలుపుకీ పైన ఒక చిన్న ఇత్తడి నాలుక ఉంటుంది. తలుపు మూసుకున్నప్పుడు ఆ నాలుక ఎదుటి రేకుకి సరిగ్గా ఆనుకోవాలి. అన్ని అంతస్తుల నాలుకలూ ఆనుకుంటేనే లిఫ్టు కదులుతుంది. ఒక్క తలుపు సరిగ్గా మూసుకోలేదని దానికి అనుమానం వచ్చిందా, ఉన్నచోటే భీష్మించుకుని కూర్చుంటుంది. అందుకే నెలకోసారి వచ్చి ఒక్కొక్క తలుపూ విప్పి, ఆ నాలుకని గరుకు కాగితంతో రుద్ది మసి దులపాలి. పోయిన నెల వచ్చింది అతనే. కింద నుంచి మొదలుపెట్టి అయిదు దాకా శ్రద్ధగా రుద్దాడు. ఆరు దగ్గరికి వచ్చేసరికి మనసు అప్పటికే ఏడెక్కి కూర్చుంది, ఏడో అంతస్తులో ఎడమవైపు తలుపు దగ్గర. పనిముట్ల సంచి మెట్ల మీద పడేసి, పుస్తకంలో అన్నీ సరిచూడబడినవి అని రాసి, కింద పొడుగ్గా సంతకం కూడా చేశాడు. ఆ సంతకం కొంచెం వంకరగా వచ్చింది, అంత తొందర. ఆ రుద్దని నాలుక నెలరోజులు ఓపిక పట్టి ఇవాళ సమయం చూసుకుని మాట తప్పింది. దాన్ని ఏమనడానికి నోరుంది గనక!

నోరు లేదు గానీ, నవ్వు వచ్చింది. నవ్వు వచ్చి, గొంతు దాటకముందే చచ్చిపోయింది. ఎదురుగా గోడకి అద్దం ఉంది, అందులో ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం, చెవుల వెనక కాస్త సెంటు. పొద్దున్న అద్దం ముందు నుంచుని తనకి తాను చెప్పుకున్నది వేరు. వెళ్ళి, తలుపు దగ్గరే నుంచుని, ఇక రాను అని ఆవిడతో చెప్పేసి వచ్చేద్దాం, భార్య వచ్చే రోజు కదా, పాత లెక్కేదీ మిగలకూడదు, మర్యాదగా ఉంటుంది అనుకున్నాడు. అనుకుంటూనే చొక్కా ఇస్త్రీ చేశాడు. రానని చెప్పడానికి వెళ్ళేవాడికి ఇస్త్రీ ఎందుకు? పోనీ భార్యకి ఎదురు వెళ్ళడానికి అనుకుందాం. మరి సెంటు? భార్యకి సెంటు వాసన తలనొప్పి, పెళ్ళయిన ఈ ఏడేళ్ళుగా ఇంట్లో సెంటు సీసా లేదు, ఇది మొన్న కొన్నది. అబద్ధాలు ఎదుటివాళ్ళకి చెప్పేటప్పుడు కాస్తో కూస్తో కష్టపడాలి, వాళ్ళు అడ్డు ప్రశ్నలు వేస్తారు. తనకి తాను చెప్పుకునేటప్పుడు ఆ బాధ కూడా లేదు.

బొత్తాల కింద స్టిక్కరు ఉంది. అతను అంటించిందే, ఒక మూల గాలి బుడగ ఉండిపోయింది. లోపల ఉన్నవారు భయపడవద్దు, తలుపు తెరవడానికి ప్రయత్నించవద్దు, ఈ నంబరుకు ఫోన్ చేయండి. ఆ నంబరు ఆ రోజు డ్యూటీలో ఉన్న మెకానిక్కు జేబులో మోగుతుంది. శనివారం డ్యూటీ బావమరిదిది. భార్య తమ్ముడు. వేలు పట్టుకుని పని నేర్పి ఈ కంపెనీలో పెట్టించింది అతనే, చెయ్యి పట్టుకుని చర్చి సంఘానికి తీసుకెళ్ళింది ఆ కుర్రాడే. ఇప్పుడు కుర్రాడేం కాదు, ముప్ఫై దాటాయి, కానీ అతని కళ్ళకి ఇంకా స్పానరు తలకిందులుగా పట్టుకున్న రోజే కనిపిస్తుంది. ఫోన్ చేస్తే పావుగంటలో వస్తాడు. వచ్చాక అడుగుతాడు. సెలవు రోజు, కంప్లైంటు లేని బిల్డింగులో, సెంటు పూసుకుని నీకేం పని బావా అని అడుగుతాడు. అడక్కపోతే ఇంకా ఘోరం, అడక్కుండా చూస్తాడు.

ఫోన్ చెయ్యక్కర్లేదు. అదే అసలు చిక్కు. లోపలి తలుపు ఒక జానెడు లాగి, చెయ్యి పైకి పెట్టి తడిమితే ఆరో అంతస్తు తలుపు వెనక చిన్న రబ్బరు చక్రం తగులుతుంది. దాన్ని రెండుసార్లు నొక్కి వదిలితే ఇత్తడి నాలుక మళ్ళీ ఆనుకుంటుంది. లోపలి తలుపు మూసి బొత్తాం నొక్కితే పిల్లిలా ఏడుకి వెళ్ళిపోతుంది. మొత్తం అరనిమిషం పని. ఎవరికీ తెలియదు. అసలు ఆగినట్టు కూడా ఎవరికీ తెలియదు. కానీ అతనికి పని నేర్పిన ముసలి మేస్త్రీ మొదటి రోజే నేర్పిన రెండు ముక్కలున్నాయి. లోపలివాడు తలుపు ముట్టుకోకూడదు, పైవాడు, అంటే మోటారు దగ్గరున్నవాడు, లోపలివాడి చేతులెక్కడున్నాయో అడక్కుండా దాని చక్రం తిప్పకూడదు. ఎంత తెలిసినవాడైనా సరే, లోపల ఇరుక్కుంటే వాడు మెకానిక్కు కాదురా, సామాను. సామాను తనంతట తాను దిగదు, ఎవడో ఒకడు వచ్చి దించాలి. ఇలా అంటూ మేస్త్రీ రెండు వేళ్ళు లేని ఎడమ చెయ్యి గాల్లో ఆడించేవాడు. ఆ వేళ్ళు ఏమయ్యాయని ఎవరూ అడగనక్కర్లేదు. ఆయన కూడా ఒకరోజు లోపలినుంచి తలుపు ముట్టుకున్నాడు, అంతే.

మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్న రోజుల్లోనే మొదలైంది అదంతా. లిఫ్టు పనిలో సగం జీవితం డాబా మీది మెషీన్ రూములో గడుస్తుంది. ఇనప తలుపు, గ్రీజు వాసన, ఉడకబెట్టే వేడి, ఎవరూ ఎక్కిరాని చోటు. కింద జనం ఎక్కుతూ దిగుతూ ఉంటారు, నవ్వులు వినపడతాయి, వంటల వాసనలు లిఫ్టు నడిచే బావి లాంటి సందులోంచి పైకి వస్తాయి, పైన ఒక్కడు కూర్చుని తాళ్ళు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. ఆ ఒంటరితనంలో చేతికి ఫోన్ వచ్చింది, అందులో చూడకూడని బొమ్మలు వచ్చాయి. మొదట కుతూహలం, తర్వాత కాలక్షేపం, ఆ తర్వాత దానికి పేరు పెట్టాల్సిన అవసరమే లేకపోయింది, ఆకలేసినట్టు వేసేది. చూస్తున్నంతసేపూ లోకం లేదు. చూడటం అయిపోయాక ఉన్న లోకం కూడా మిగిలేది కాదు. పెళ్ళయితే పోతుందనుకున్నాడు. పెళ్ళయింది, పోలేదు, మంచం మీద పక్కన మనిషి ఉండగా ఆ మనిషికి వీపు తిప్పి వెలుగు తగ్గించుకుని చూడటం నేర్చుకున్నాడు. ఆమె నిద్రపోతోందని అనుకునేవాడు. ఆరేళ్ళ తర్వాత ఒక రోజు అన్నం వడ్డిస్తూ, మామూలుగా, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా, నేనేం తక్కువ చేశానండీ అని అడిగింది. అప్పుడు తెలిసింది, ఆ ఆరేళ్ళూ ఆమె నిద్రపోలేదని.

బావమరిది సంఘానికి తీసుకెళ్ళింది అప్పుడే. ప్రింటింగ్ ప్రెస్సు పైన అద్దెకి తీసుకున్న హాలు, కింద మిషన్లు నడుస్తుంటే నేల వణికేది, పాట పాడుతుంటే ఆ వణుకు కూడా తాళంలా కలిసిపోయేది. అక్కడ కూర్చున్న మొదటి నాడే ఏడ్చాడు. అది నాటకం కాదు, దేవుడి ముందు ఆ మాట గట్టిగా చెప్పగలడు. నిన్ను కడుగుతాను అని ఎవరో తనకొక్కడికే చెప్పినట్టు అనిపించింది, గ్రీజు చేతులవాడికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో మిగతావాళ్ళకి తెలియదు. మూడు నెలలు తిరక్కుండా సాక్ష్యం చెప్పడానికి లేచాడు. ఆ సంఘంలో అదొక పద్ధతి, ప్రభువు తనకి చేసింది ఎవరైనా లేచి అందరి ముందూ చెప్పుకోవచ్చు. లేచి ఫోన్ సంగతి అంతా చెప్పాడు, జేబులోంచి ఫోన్ తీసి అందరూ చూస్తుండగా బావమరిది చేతిలో పెట్టి, బొత్తాల ఫోన్ ఒకటి చాలు నాకు అన్నాడు. చప్పట్లే చప్పట్లు. పాస్టరు గారు కావలించుకున్నారు. ముసలాయన ఒకాయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. వెనక వరసలో కూర్చున్న భార్య ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. ఇంటికి నడిచి వస్తుంటే సందు మలుపులో ఆగి, అంతేనా అండీ అని అడిగింది. అంతే అన్నాడు.

అంతే కాదు. అప్పటికే ఒకసారి ఈ లిఫ్టులో ఏడుకి వచ్చి ఉన్నాడు. ఈ నీలం గేటు బిల్డింగు వాచ్‌మన్ ఒకనాడు కన్నుగీటి చెప్పిన తలుపు అది. పట్టుబడ్డ పాపాన్ని ప్రభువు పాదాల దగ్గర పెట్టి, పట్టుబడని దాన్ని జేబులో ఉంచుకున్నాడు. సగం తలుపులు రుద్ది అన్నీ సరిచూడబడినవి అని సంతకం పెట్టడం అతనికి పోయిన నెలే కొత్త కాదు. చప్పట్లు విన్నాక మిగతా సగం చెప్పడం మరీ కష్టమైంది. చెప్తే ఆ చప్పట్లన్నీ వెనక్కి ఇచ్చెయ్యాలి. ఇంట్లో మాత్రం ఆమె రోజూ అదే చూపు చూసేది, అంతేనా అన్న చూపు. చివరికి మూడు నెలలకి పెట్టె సర్దుకుంది. అరవలేదు, తిట్టలేదు. మీరు నాకు మొత్తం చెప్పగలిగిన రోజు ఫోన్ చెయ్యండి, ఆ రోజే వస్తాను, అంది. ఎనిమిది నెలలు. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక దిండు. ఆ ఎనిమిది నెలల్లో మరి రెండుసార్లు ఏడుకి వచ్చాడు. పోయిన వారం ఇక ఆ నిశ్శబ్దం భరించలేక ఫోన్ చేసి, అంతా కడిగేసుకున్నాను, రా అన్నాడు. ఇంకేమీ లేదు కదా అంది. లేదన్నాడు. సరే అంది, ఆ సరేలో ఎంత అలసట ఉందో, ఎంత ఆశ ఉందో! ఆ అబద్ధం మీద కాళ్ళు పెట్టుకుని ఒక మనిషి ఇప్పుడు బస్సులో కూర్చుని వస్తోంది.

పోనీ ఏడో అంతస్తు ఏమిచ్చింది? ఆవిడ చెడ్డదేమీ కాదు. గుమ్మంలో చెప్పులు వరసగా పెట్టమంటుంది. ఎప్పుడూ పొడి దగ్గు. కిటికీ దగ్గర పంజరంలో పచ్చ పిట్ట ఒకటి, అది అతన్ని చూసి ప్రతిసారీ మొహం తిప్పుకునేది, కనీసం అతనికి అలా అనిపించేది. మూడుసార్లు వెళ్ళినా ఆవిడ పేరు తెలియదు. ఆవిడ మాత్రం మొదటిసారే మీ పేరేంటండీ అని అడిగింది. సొంత పేరు చెప్పడానికి భయమేసింది. ఏదో ఒక పేరు చెప్పాలి, లోకంలో ఇన్ని పేర్లున్నాయి, నాలుక మీదికి వచ్చింది మాత్రం బావమరిది పేరు. ఎందుకు వచ్చిందో ఈనాటికీ అర్థం కాదు. అతనికి తెలిసినవాళ్ళలో అంత శుభ్రమైన పేరు ఇంకొకటి లేకపోవడం వల్లేమో. ఆ తర్వాత ఆ గదిలో ఆవిడ ఆ పేరుతో పిలిచినప్పుడల్లా, బావమరిది గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్నట్టు ఉండేది. ఒకసారి దగ్గుతూనే, మీ ఇంట్లో ఎవరూ లేరా అండీ అని అడిగింది. ఉన్నారు అని చెప్పబోయి, లేరు అన్నాడు. బయటికి వచ్చి లిఫ్టు కోసం నుంచున్న ఆ రెండు నిమిషాల్లో ఉన్నంత ఒంటరితనం మెషీన్ రూముల్లో గడిపిన ఏళ్ళన్నీ కలిపినా లేదు.

చిన్నప్పటి దాగుడుమూతలు గుర్తొచ్చాయి, ఎందుకో. అత్తయ్య ఇంట్లో బట్టల బీరువాలో దాక్కున్నాడు, ఏడెనిమిదేళ్ళుంటాయి. ఎవరూ కనిపెట్టలేకపోయారు. బయట పిల్లలు వెతుకుతున్నారు, పేరు పెట్టి పిలుస్తున్నారు, వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపల నవ్వుకుంటున్నాడు. కొంతసేపటికి పిలుపులు ఆగిపోయాయి. అంత గొప్పగా దాక్కున్నానని ఇంకాసేపు మురిసిపోయాడు. తర్వాత కంచాల చప్పుడు వినిపించింది. అందరూ భోజనాలకి కూర్చున్నారు, వాడు ఉన్నాడన్న సంగతే మర్చిపోయారు. చీరల మధ్య నాఫ్తలీను ఉండల వాసనలో ఏడుస్తూ కూర్చున్నాడు. బయటికి రావచ్చు, బీరువాకి తాళం కూడా లేదు. కానీ వస్తే ఓడిపోయినట్టు. అలాగే నిద్రపోయాడు. అమ్మ వచ్చి తీసిందో, అత్తయ్య తీసిందో గుర్తులేదు, ఎవరో ఎత్తుకున్నప్పుడు బుగ్గకి తగిలిన చల్లటి గాజులు మాత్రం గుర్తున్నాయి.

పదకొండున్నర దాటింది. ఇక ఆలోచించడానికేముంది అనుకున్నాడు. ముందు ఇందులోంచి బయటపడదాం, పైకి వెళ్ళాలో కిందికి వెళ్ళాలో తర్వాత చూసుకుందాం. బయటపడ్డాక నేరుగా కిందికే పోదాం. ఆ మాట మనసు ఎంత చక్కగా అందంటే, అతనికే ముచ్చటేసింది. లోపలి తలుపు లాగాడు. ఎదురుగా నడుము ఎత్తు దాకా గచ్చు గోడ, ఆపైన ఆరో అంతస్తు తలుపు అడుగుభాగం. చెయ్యి పైకెత్తి తడిమాడు. రబ్బరు చక్రం వేలికి తగిలింది. ఒకసారి నొక్కాడు, తలుపు టకటకమని కొట్టుకుంది. అంతలో తలుపుకున్న సన్నటి గాజు పలకలోంచి, పైనుంచి కిందికి, ఒక కళ్ళజోడు వంగి చూసింది.

"ఎవరు బాబూ లోపల?"

తేలు కుట్టిన దొంగలా చెయ్యి కిందికి లాక్కున్నాడు. "మెకానిక్కునమ్మా. లిఫ్టు మెకానిక్కుని."

"మెకానిక్కే ఇరుక్కున్నాడా! బాగుంది నాయనా. మరి నిన్నెవరు తీస్తారు?"

పెద్దావిడ, గొంతు చూస్తే బడిలో పాఠాలు చెప్పి రిటైరైనట్టుంది, ప్రశ్న అడిగి జవాబు వచ్చేదాకా కదలని రకం.

"మావాళ్ళకి ఫోన్ చేశానమ్మా. వస్తున్నారు."

"అయితే సరే. తలుపు జోలికి పోకు. మీరే కదా లోపల కాగితం అంటించారు, ముట్టుకోవద్దని." కళ్ళజోడు పక్కకి తప్పుకుంది. కుర్చీ ఒకటి ఈడ్చిన చప్పుడైంది. "నేనిక్కడే కూర్చుంటాలే. ఒక్కడివే ఉంటే భయమేస్తుంది."

ఫోన్ చేశాను, వస్తున్నారు. ఎంత సులువుగా వచ్చింది! ఊపిరి వదిలినట్టు. ఆ అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేదు, చెయ్యబోతున్నానంటే సరిపోయేది. అవసరం లేని చోట కూడా అదే వస్తోంది నోట్లోంచి. పాపం ఏడో అంతస్తులో ఉందని, అక్కడికి పోకుండా ఉంటే చాలని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఏడో అంతస్తు ఎక్కడికో పోయింది, ఈ నాలుగడుగుల గదిలో, నెత్తి మీద దీపం పెట్టుకుని, అది తనతో పాటే నుంచుని ఉంది. ఒళ్ళు జలదరించింది. భయం కాదు. తనంటే తనకే పుట్టిన అసహ్యం. కూలబడ్డాడు, ఇస్త్రీ చొక్కా వీపు గోడకి రాసుకుంటూ.

ప్రార్థన చేద్దామనుకున్నాడు. సంఘంలో అతను బాగా ప్రార్థిస్తాడని పేరు, పెద్దలు కూడా అతన్ని లేపుతారు, మాటలు గలగలా వస్తాయి. ప్రభువా అన్నాడు. ఆ తర్వాత ఒక్క మాట రాలేదు. పరలోకమని, మహిమ అని, అలవాటైన మాటలన్నీ గొంతు దాకా వచ్చి మొహం చెల్లక వెనక్కి పోయాయి. ప్రభువా, అన్నాడు మళ్ళీ. ఇంకేం చెప్పాలో తెలియక, ఇరుక్కున్నవాళ్ళు ఫోన్లో చెప్పేదే చెప్పాడు. లోపల ఉన్నాను. రాలేకపోతున్నాను. చెప్పాక, చిన్నపిల్లాడిలా ఏడుపు వచ్చింది. పాస్టరు గారు ఒకసారి అన్నది గుర్తొచ్చింది, నువ్వు ఆయనకి తెలియనిదేదీ కొత్తగా చెప్పబోవు, అయినా నీ నోటితో చెప్పాలని ఆయన అక్కడే కూర్చుని ఉంటాడు అని. గోడ అవతల కుర్చీ కిర్రుమంది. సాక్ష్యం చెప్పిన నాడు చప్పట్లలో దొరకనిది ఏదో ఇప్పుడు దొరికినట్టయింది. అది సుఖం కాదు. శాంతి అనడానికి కూడా ధైర్యం లేదు. తన గురించి మొత్తం తెలిసిన ఒకరు, తెలిసి కూడా లేచిపోకుండా కూర్చున్నారన్న నమ్మకం, అంతే. ఆ నమ్మకం ఉండగానే చెయ్యాలి, కాసేపాగితే మళ్ళీ మనసు ఏదో చక్కటి మాట పట్టుకొస్తుంది. బొత్తాల ఫోన్ తీసి, సిగ్నలు కోసం ఫ్యాను కన్నాల దగ్గరికి ఎత్తి పట్టుకుని, స్టిక్కరు మీది నంబరు చూసి నొక్కాడు. ఆ నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు, అయినా చూసి నొక్కాడు.

"చెప్పు బావా! బస్టాండుకి బయల్దేరావా?"

"లేదురా. లిఫ్టులో ఇరుక్కున్నాను. నీలం గేటు బిల్డింగులో. అయిదుకీ ఆరుకీ మధ్య."

అవతల నవ్వు. "నువ్వా? రేపు సంఘంలో చెప్పుకుని నవ్వుకోవచ్చు ఇది. అవునూ, ఇవాళ నీకు సెలవు కదా. అక్కడ కంప్లైంటేమీ రాలేదే. ఏం పని నీకక్కడ?"

వాచ్‌మన్ నేరుగా పిలిచాడు. పోయిన నెల పనిముట్టు ఒకటి మర్చిపోయాను. తెలిసినవాళ్ళింటికి వచ్చాను. ఒకటి కాదు, మూడు అబద్ధాలు వరసలో నుంచున్నాయి, ఏది కావాలంటే అది.

"పనికి రాలేదురా. ఏడో అంతస్తుకి వచ్చాను."

నవ్వు ఆగిపోయింది. ఈ బిల్డింగు పని వాడూ చేస్తాడు, వాచ్‌మన్ కన్ను వాడికీ గీటే ఉంటాడు. "ఏడులో... ఎడమవైపా?"

"ఊఁ."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఇది నాలుగోసారి. సాక్ష్యం చెప్పకముందు ఒకసారి. మీ అక్క వెళ్ళాక రెండుసార్లు. ఇవాళ."

"అక్కకి తెలుసా?"

"తెలియదు. అంతా అయిపోయిందని చెప్పి రమ్మన్నాను."

ఊపిరి వినిపిస్తోంది, రోడ్డు మీద హారన్లు వినిపిస్తున్నాయి. "అంతేనా?" అన్నాడు బావమరిది. అక్కలాగే అన్నాడు, అదే విరుపు.

ఇక్కడితో ఆపెయ్యొచ్చు. ఇప్పటికే చాలా చెప్పాడు, ఎవరైనా చాలంటారు. "ఇంకొకటుంది. అక్కడ నా పేరు చెప్పలేదురా. నీ పేరు చెప్పాను. ఆవిడకి నేను నీ పేరుతోనే తెలుసు."

ఫోన్ కట్టయిందేమోనని చెవి దగ్గర్నుంచి తీసి చూసుకున్నాడు, అంకెలు నడుస్తూనే ఉన్నాయి. మళ్ళీ మాట వచ్చినప్పుడు అది బావమరిది గొంతు కాదు, డ్యూటీ గొంతు. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట్లాడే గొంతు, అతనే నేర్పాడు.

"లోపల ఎంతమంది?"

"ఒక్కడినే."

"దీపం, గాలి ఉన్నాయా?"

"ఉన్నాయి."

"తలుపు ముట్టుకోవద్దు. వస్తున్నాను."

బావా అనలేదు. ఆ ఒక్క మాట లేకపోవడం లిఫ్టంతా నిండిపోయింది. వస్తాడు, కంపెనీ పంపిస్తుంది కాబట్టి వస్తాడు. వచ్చి ఏం చేస్తాడు? కొడితే బాగుండు. కొట్టకుండా దించేసి, పుస్తకంలో రాసుకుని, అక్కని బస్టాండునుంచి నేరుగా వెనక్కి పంపించేస్తే? పంపిస్తే తప్పేముంది? అయినా, వింతేమిటంటే, చెప్పినందుకు బాధ కలగలేదు. జేబురుమాలు తీసి చెవుల వెనక సెంటు తుడుచుకున్నాడు. పోలేదు, జేబురుమాలికి కూడా అంటుకుంది. గాజు పలక అవతలనుంచి పెద్దావిడ, ఇంకా రాలేదేం బాబూ మీవాళ్ళు అంది. వస్తారమ్మా అన్నాడు. అద్దంలో పెద్దమనిషి జుట్టు రేగి, కళ్ళు ఎర్రబడి, ఎవరో తెలిసినవాడిలా ఉన్నాడు.

పన్నెండు కావొస్తుండగా పైన ఇనప తలుపు తెరిచిన చప్పుడైంది. మెషీన్ రూము. ఒక్కడే వచ్చినట్టున్నాడు, అడుగులు ఒక జతవే. దీపం ఒకసారి మినుకుమని ఆరిపోయింది, పైన మీట కట్టేశాడన్నమాట. చీకట్లో కూర్చున్నాడు. ఇప్పుడు చక్రం తిప్పాలి. ఒంటి మనిషి ఉన్న లిఫ్టు పైకి పోవడానికే చూస్తుంది. అవతలి తాడుకి వేలాడే ఇనప దిమ్మెల బరువు ఎక్కువ కనక, బ్రేకు వదిలితే చాలు, తనంతట తనే ఏడు వైపు జారుకుంటుంది. కిందికి దించాలంటే ఒక చేత్తో బ్రేకు పట్టుకుని, ఒళ్ళంతా చక్రం మీద వేసి అంగుళం అంగుళం తిప్పాలి, ఇద్దరు చేసే పని అది. తొందరగా తేల్చేద్దామనుకునే మెకానిక్కు ఎవడైనా పైకే వదిలేస్తాడు. తాళ్ళ సందులోంచి గొంతు వచ్చింది, బావిలోంచి వచ్చినట్టు.

"చేతులెక్కడ?"

"గోడ మీద," అన్నాడు లేచి నుంచుని. నిజంగానే పెట్టాడు, రెండూ.

"పైకా, కిందికా?"

ఆ ప్రశ్న అడగాలని నియమం లేదు. పైవాడు తనకి తోచినట్టు తిప్పొచ్చు. బావమరిది అడిగి ఊరుకున్నాడు, జవాబు కోసం ఆగాడు. చీకట్లో అతనికి ఏడో అంతస్తు తలుపు కనపడలేదు, పచ్చ పిట్ట కనపడలేదు. బస్సు కిటికీకి తల ఆనించుకుని కళ్ళు మూసుకోకుండా కూర్చున్న ఒక మనిషి కనిపించింది. ఆమెకి చెప్పాలి. చెప్తే ఉంటుందో, వచ్చిన బస్సులోనే తిరిగి ఎక్కుతుందో తెలియదు. తెలియకుండానే చెప్పాలి.

"కిందికిరా," అన్నాడు. "బస్సు దిగగానే నేనే చెప్తాను. మొత్తం."

పైన బ్రేకు మూలిగింది.

"గట్టిగా పట్టుకో బావా."

లిఫ్టు వణికి, ఒక వేలెడు దిగింది, ఆగింది, ఇంకో వేలెడు దిగింది. పైన మనిషి రొప్పుతున్నాడు, ఆ రొప్పు తాళ్ళ వెంట కింది దాకా వినపడుతోంది. తీసి ఉన్న లోపలి తలుపు సందులోంచి ఆరో అంతస్తు వెలుగు సన్నటి గీతలా కొద్దికొద్దిగా పైకి పోతోంది. ఆ వెలుగులోంచి కళ్ళజోడు మళ్ళీ వంగింది.

"కదులుతోందే! వచ్చారా బాబూ మీవాళ్ళు?"

"వచ్చారమ్మా," అన్నాడు అతను, రెండు చేతులూ గోడ మీద అలాగే ఉంచి.